అడ్డగోడ వెనక వంపు

మా గేటు దాటి ఏడడుగులు లోపలికి వస్తే అడ్డగోడ ఉంటుంది. పొడవు పదకొండడుగులు, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, మందం పద్దెనిమిదంగుళాలు. గేటు దగ్గర నిలబడ్డ మనిషికి మా వాకిలి కనబడకూడదని, వీధిలోంచి ఏది విసిరినా ఈ గోడకే తగిలి పడాలని కట్టించాం. ప్రొద్దుటూరులో మా వీధికి అటువంటి గోడలు రెండే. ఒకటి మాది, రెండోది ఎదురింటిది. పార్టీల పేరు చెప్పి మనుషులు మనుషుల్ని నరుక్కున్న రోజుల్లో రెండూ ఒకే నెలలో లేచాయి. రెండింటినీ కట్టింది జమ్మలమడుగు బేల్దారి ఒక్కడే.

ఎదురిల్లు పరాయిది కాదు. మా ఆయన పెదనాన్న కొడుకుది. ఆ ఇంటి కోడలూ నేనూ నలభై రోజుల తేడాలో ఈ వీధికి కాపరానికి వచ్చాం. ఆమె ముందొచ్చింది కనుక అక్క అయింది. మా ఆయన రెండుసార్లు వార్డుకు నిలబడి, రెండుసార్లూ వాళ్లాయన చేతిలోనే ఓడిపోయాడు. మొదటిసారి నలభై ఒక్క ఓట్లు, రెండోసారి నూటపన్నెండు. రెండో ఓటమి తర్వాత పదకొండో రోజున మా గేటు పక్కన ఒక నాటుబాంబు దొరికింది. పేలలేదు. ఎవరు పెట్టారో ఈనాటికీ తెలియదు. గోడలు లేచాయి, మాటలు ఆగిపోయాయి. తర్వాత మగవాళ్లిద్దరూ జబ్బు చేసి ఒకరి వెనక ఒకరు పోయారు. మిగిలిన ఆడవాళ్లం మాత్రం మధ్యనున్న పద్దెనిమిదడుగుల వీధిని పదిహేడేళ్లు దాటలేదు.

అటువంటి వీధిలో నా మనవరాలికి స్కేట్‌బోర్డు ర్యాంపు కావలసివచ్చింది.

దానికప్పుడు పన్నెండేళ్లు. మా అల్లుడిది బ్యాంకు ఉద్యోగం. బెంగళూరు నుంచి పులివెందులకు బదిలీ అయ్యాడు. బెంగళూరులో ఇంటి దగ్గరి పార్కులో పిల్లలు చెక్కబల్ల మీద నిలబడి వంపు మీదనుంచి జారేవాళ్లట. ఇదీ అడిగి అడిగి ఒకటి కొనిపించుకుంది. వంపు మీదనుంచి దిగడం నేర్చుకుంటుండగా ఒకసారి పడి మోచెయ్యి గీసుకుంది, ఆ గాయం మానేలోపే బదిలీ వచ్చింది. పులివెందులలో వాళ్లది మేడమీద అద్దె ఇల్లు. కింద వీధి సగం సిమెంటు, సగం కంకర. బల్ల మంచం కిందకు చేరింది. సెలవులకు దాన్ని నా దగ్గర దింపేటప్పుడు అల్లుడు నా ముందే చెప్పాడు, "బడి తెరిచేలోపల దీని మీద సరిగ్గా తిరిగేది నాకు చూపిస్తే ఉంచుకో. లేదంటే మా ఆఫీసులో ఎవరి పిల్లోడికైనా ఇచ్చేస్తా. ఊరికే దుమ్ము కొట్టుకుంటాంది."

పిల్ల బల్లను తిరగేసి ఒడిలో పెట్టుకుని చక్రాన్ని వేలితో తిప్పుతూ కూర్చుంది. అది మే ఎనిమిది, బుధవారం. బడి తెరిచేది జూన్ పన్నెండు, అదీ బుధవారమే. మధ్యలో ముప్పై అయిదు రోజులు. రోజూ చించే క్యాలెండరు కాగితాల వెనక నేను లెక్కలు వేసుకుంటాను. ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పిన అలవాటు.

"ఎంత ఎత్తు కావాల?" అని అడిగాను.

"ఏది అవ్వా?"

"నువ్వు దిగేది."

పార్కులోది తన మోకాలి పైకి నాలుగు వేళ్లు వచ్చేదని చూపించింది. టేపు పెట్టి కొలిచాను, ఇరవై అంగుళాలు. కట్టేదెలాగూ కడతాం గనక రెండడుగులకు ఖాయం చేసుకున్నాం. అడ్డగోడకు ఇంటివైపు నుంచి మెట్ల దాకా ఇరవై ఏడడుగుల బండపరుపు ఉంది. అంత చదునైన నేల మా వీధిలో ఇంకెక్కడా లేదు. గోడకు ఆనించి రెండడుగుల వెడల్పున నిలబడే దిమ్మె, దాని ముందు వంపు.

పాత బేల్దారి పోయాడు. ఇప్పుడు పని చేసేది ఆయన కొడుకు. ఫోన్ చేస్తే మరునాడే జమ్మలమడుగు నుంచి మొదటి బస్సుకు వచ్చాడు. బల్లను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నేల మీద పెట్టి కాలితో నెట్టాడు. అది పోయి తులసికోటకు తగిలింది.

"ఈ చక్రాల పలక కోసరమా టీచరమ్మా పని? స్కూటర్ ఎక్కేదానికి పెట్టినట్ల వాటం పెడితే సరిపోదూ? పూటలో అయిపోతాది."

"తిన్నగా ఉంటే కింద చక్రం తగులుకుంటుంది, ముందుకు పడతాను," అంది పిల్ల. "గిన్నె లోపల మాదిరి గుండ్రంగా ఉండాలి."

"గిన్నె మాదిరా. బావులు కట్టినా గానీ గిన్నెలు కట్టల్యా పాపా."

అప్పుడు నేను క్యాలెండరు కాగితం తీశాను. రాత్రే వేసి పెట్టుకున్న లెక్క అది. ఇళ్లకు పునాది తీసేటప్పుడు మూల సరిగ్గా వచ్చిందో లేదో బేల్దార్లు దారంతో చూస్తారు. ఒకవైపు మూడడుగులు, ఇంకోవైపు నాలుగు, ఆ రెండు కొసలకూ మధ్య సరిగ్గా అయిదు వస్తే మూల మట్టంగా ఉన్నట్టు. అది వాళ్ల తాతల నాటి పద్ధతి. నాకు కావలసింది కూడా ఆ మూడు అంకెలే. దిమ్మె అంచు నుంచి నాలుగడుగుల దూరంలో ఒక గుంజ పాతి, దానికి అయిదడుగుల ఎత్తున మేకు కొట్టి, అయిదడుగుల దారం కట్టి ఊపితే, దారం కొస గుంజ మొదట్లో నేలను తాకుతుంది, దిమ్మె దగ్గరికి వచ్చేసరికి నేల నుంచి రెండడుగుల ఎత్తుకు లేస్తుంది. మేకు నుంచి చూస్తే అక్కడికి మూడడుగుల దిగువ. అయిదులో మూడు పోతే రెండు.

బేల్దారి దారం కట్టి ఊపి చూశాడు. మళ్లీ ఊపి చూశాడు.

"ఇది మా మూలమట్టమే గదా," అన్నాడు.

"మీదే."

"మా నాయన ఉండింటే సంతోషపడుతుండె." గుంజ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, పని సోమవారం మొదలుపెడతానన్నాడు.

ఆ వంపును పలకలో కోసుకోవడానికి ప్లైవుడ్ కావలసివచ్చింది. కొట్టుగదిలో మా ఆయన రెండోసారి నిలబడ్డప్పటి ప్రచారం బోర్డు ఉంది. గుర్తు సగం చెరిగిపోయింది, నమస్కారం పెట్టిన చేతులు మాత్రం మిగిలాయి. దాన్నే కోయించాను. ఎన్నికల్లో పనికిరాలేదు గానీ, అయిదడుగుల వంపుకు చక్కగా కుదిరింది.

మే పదమూడు, సోమవారం, ఒక ట్రాక్టరు ఇసుక, ఆరువందల ఇటుక, పన్నెండు బస్తాల సిమెంటు, నీళ్లు పట్టి కప్పడానికి ముప్పై గోనెసంచులు దిగాయి. అన్నీ గేటులోంచి వచ్చి అడ్డగోడ వెనక్కి పోయాయి. వీధికి కనబడింది అంతవరకే. మూడు రోజులు గోడ వెనకనుంచి తాపీ చప్పుడు వినబడింది. మునిసిపాలిటీ ఎన్నికలు రావచ్చునన్న మాట అప్పుడే ఊళ్లో తిరుగుతోంది. ఈ రెండింటినీ కలిపి చూడాలని నాకు తట్టలేదు. లెక్కల మనిషిని, కూడిక నాకు తట్టకపోవడం నా తప్పే.

పదిహేను, బుధవారం, ఎదురింటికి రెండు ట్రాక్టర్ల రాయి వచ్చింది. సాయంత్రానికి ఇద్దరు కూలీలు వాళ్ల అడ్డగోడ మీదికెక్కి ఒక వరుస పేర్చారు. వాళ్లూ ఏదో బాగుచేసుకుంటున్నారనుకున్నాను.

పదహారు, గురువారం, పదకొండు గంటలకు పోలీసు స్టేషను నుంచి ఒక హెడ్ కానిస్టేబులు వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు మెట్ల కింద విప్పి, టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"మేడమ్, మీరు గోడ మందం జేస్తాండారని రిపోర్టొచ్చింది. మీది చూసి ఎదురింటోళ్లు కూడా రాయి తోలినారు. ఎలక్షన్ల ముందర ఇట్ల రెండు దిక్కులా లేస్తాంటే మాకు శానా ఇబ్బంది."

గోడ వెనక్కి తీసుకుపోయి చూపించాను. అప్పటికి ఇటుక మెట్లు లేచి, మధ్యలో రాళ్లు నింపి, పైన కాంక్రీటు పడాల్సి ఉంది. చూడడానికి నిజంగానే గోడకు ఆసరా కట్టినట్టుంది. పక్కన గోనెసంచులు, ఇసుక కుప్ప. పిల్ల బల్ల తెచ్చి, రెండు కాళ్లతో నిలబడి ఇంత దూరం పోయి చూపించింది. ఆయన ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు.

"నాకు నమ్మకం కుదిరింది మేడమ్. నా కూతురికి గూడా చూపిస్తా. కానీ నేను నమ్మితే కాదు గదా, ఆళ్లు నమ్మాల. ఆళ్లు ఊ అనేదాకా పని ఆపండి. ఎలక్షన్లు అయినాంక కట్టుకుంటే ఇంకా మంచిది."

ఆయన పోయాక కాగితం వెనక లెక్క వేశాను. ఇంకా నాలుగు రోజుల పని. వంపు గట్టిపడడానికి నీళ్లు పట్టాల్సింది పద్నాలుగు రోజులు. ఏడు చాలునన్నాడు బేల్దారి, నేను ఒప్పుకోలేదు. అంటే పద్దెనిమిది. బడి తెరిచేలోపు ఉన్నవి ఇరవై ఏడు. తొమ్మిది రోజులకు మించి పని ఆగితే పిల్ల బల్ల పోయినట్టే, నేర్చుకోవడానికి ఒక్క పూట కూడా మిగలదు.

"మనం ఏం కడుతున్నామో వాళ్లకెవరూ చెప్పలేదా?" అని బేల్దారిని అడిగాను.

ఆయన తాపీని నీళ్లలో ఆడించాడు. "అడిగినారు టీచరమ్మా. మంగళారం టీ అంగట్లో ఆ ఇంటి కొడుకు అడిగినాడు, గోడ ఎనకాల ఏంది కడతాండావని."

"నువ్వేం చెప్పినావు?"

"చెప్పనంటి."

"ఎందుకు?"

"మా నాయన నాతో మాట తీసుకోని పోయినాడు. ఒగింటి గోడ సంగతి ఇంకోఇంట్లో చెప్పగూడదు. ఆ పొద్దుల్లో చెప్పిన బేల్దారికి చేతులుండేవి కాదు. రెండిండ్లకూ ఆయన పని జేసినాడంటే నోరు మూసుకున్నందుకే."

"ఇది గోడ కాదు గదప్పా, పిల్లలు ఆడుకునేది."

"గోడకు ఆనుకోని ఉంది గదమ్మా," అన్నాడు.

ఆయన చెప్పననడంతోనే ఎదురింటికి అనుమానం గట్టిపడింది. ఈ వీధిలో బేల్దారి నోరు మెదపలేదంటే లోపల పద్దెనిమిదంగుళాలు ముప్పై ఆరు అవుతున్నట్టే లెక్క.

శుక్ర, శని రెండు రోజులు ఆలోచించాను. పిల్ల తెల్లారి లేచి ఆగిపోయిన ఇటుకల మీద నీళ్లు చల్లేది. మే పందొమ్మిది, ఆదివారం, తొమ్మిదిన్నరకు టేపు, క్యాలెండరు కాగితాలు సంచిలో వేసుకుని, పిల్లను, బల్లను వెంటబెట్టుకుని వీధి దాటాను. నా అడుగులకు పదకొండు పట్టింది.

అక్క వాకిట్లో చాట ముందు పెట్టుకుని శెనక్కాయలు ఒలుస్తోంది. తల ఎత్తి చూసింది. ఒలవడం ఆపలేదు.

"ఏమ్మే, దారి తప్పినావా?"

"పద్దెనిమిదడుగులే గదక్కా. తప్పేదానికి జాగా యాడుంది."

"పదిహేడేండ్లు పట్టె గదా మరి. కుచ్చో. మోకాళ్లు వంగుతాయా?"

"ఒకటి వంగుతుంది."

"నాకదీ ల్యా." పీట నావైపు నెట్టింది. "మీ గోడ ఎంత లేపుతాండావు?"

"గోడ లేపడంల్యా అక్కా. దాని వెనక పిల్ల జారేదానికి వంపు కట్టిస్తాండా."

"జారేది ఎవురు, నువ్వా?"

"నేనెక్కితే దిగేది ఆసుపత్రిలోనే గదా. ఇదో, నా మనవరాలు."

అక్క పిల్లను కిందినుంచి పైదాకా చూసింది. బల్లను తెమ్మంది. పిల్ల దాన్ని ఆమె ముందు తిరగేసి పెట్టింది. అక్క ఒక శెనక్కాయను చక్రం మీద పెట్టి తిప్పింది. కాయ ఎగిరి చాటలో పడింది. ఇంకొకటి పెట్టింది.

"దీని మీద నిలబడతాది? ఆడపిల్ల?"

"నిలబడతాను పెద్దవ్వా. దిగడమే ఇంకా రాదు," అంది పిల్ల.

ఇంతలో అక్క కొడుకు లోపలినుంచి వచ్చాడు. వాళ్ల పార్టీలో వార్డు సంగతులు ఇప్పుడు చూసేది అతనే. నన్ను చూసి, పిన్నమ్మా అనాలో వద్దో తేలక, దండం మాత్రం పెట్టాడు. నేను సంగతి చెప్పి, వచ్చి చూడమన్నాను. అక్క చాట పక్కకు పెట్టి లేవబోయింది.

"మా, నువ్వు ఆడికి పోవద్దు. నేను మనిషిని పంపిస్తా," అన్నాడు కొడుకు.

"ఏం జేస్తాది నన్ను? మహా అయితే ఎక్కం అడుగుతాది. పదమూడో ఎక్కం దాకా వస్తాది నాకు," అని నా భుజం పట్టుకుని లేచింది.

ఆమె అడుగులకు పద్నాలుగు పట్టింది. మా గేటులోకి వచ్చి, అడ్డగోడ పక్కనుంచి తిరిగి లోపలికి వచ్చింది. దిమ్మెను చూసింది, వంపుకు పేర్చిన ఇటుకలను చూసింది. కబురు చేస్తే ఆదివారమైనా వచ్చిన బేల్దారి, దారం ఊపి చూపించాడు. ఆమె కళ్లు వంపు మీద లేవు. మా అడ్డగోడ కొసకు పోయి, మందాన్ని జానతో కొలిచింది. రెండు జానలు వచ్చింది. మళ్లీ కొలిచింది.

"ఇంతేనా?" అంది.

"పద్దెనిమిదంగుళాలు."

"మాది ఇరవైరెండు. మీది రెండడుగులని మా ఆయన ఎవురిదగ్గరో విని, ఆపొద్దు కట్టిన గోడకే ఇంకో వరుస తగిలిచ్చినాడు."

"మీది రెండున్నరని మా ఆయన అంటుండె. దుడ్లు ల్యాక ఊరుకున్యాడు."

ఇద్దరం బేల్దారి వైపు తిరిగాం. ఆయన తాపీ వైపు చూసుకుంటున్నాడు.

"మీ నాయనకు రెండూ తెలుసు గదప్పా," అంది అక్క.

"తెలుసు పెద్దమ్మా."

"ఒగ మాట చెప్పింటే ఏం పోతుండె? నాలుగంగుళాలకు ఇన్నేండ్లు నిద్ర మేలుకోని ఉంటిమి."

"చెప్పింటే మా నాయన పోతుండె," అన్నాడు బేల్దారి.

మా ఇద్దరిలో అక్కకే ముందు నవ్వు వచ్చింది. నవ్వి నవ్వి దగ్గు పట్టుకుని దిమ్మె మీదే కూర్చుంది. పిల్ల నీళ్లు తెచ్చి ఇస్తే తాగింది. మా ఇంటి నీళ్లు ఆమె తాగడం నేను చూశాను. పోయేటప్పుడు కొడుక్కి వీధిలోంచే చెప్పింది, "స్టేషన్‌కు ఫోన్ జెయ్‌రా. ఆడ ఏమీ ల్యా, జారుడుబండ. పని జేసుకోమను."

ఇరవై, సోమవారం, పని మళ్లీ మొదలైంది. ఇరవై మూడు, గురువారం, బేల్దారి మా ఆయన బోర్డు పలకను తడి సిమెంటు మీద ఈ కొస నుంచి ఆ కొసకు లాగి వంపు తీర్చాడు. నమస్కారం పెట్టిన చేతులు నాలుగడుగుల వెడల్పునా అలా పాకుతూ పోయాయి. బండపరుపు సందులు కూడా పూడ్చి నున్నగా చేశాడు. గోనెసంచులు కప్పి పద్నాలుగు రోజులు, పూటకు ఆరు బిందెలు నీళ్లు పోశాం. ఏడో రోజున పిల్ల అడిగింది, పదో రోజున అడిగింది. కుదరదన్నాను. అక్క కూడా తన వాకిట్లోంచి కేకేసి, "ఇంగ చాలు లేమ్మే, అది ర్యాంపా, పెన్నా ఆనకట్టా?" అంది. అయినా కుదరదన్నాను.

జూన్ ఆరు, గురువారం, సంచులు తీశాం. ఇక ఉన్నది మూడు రోజులు. ఆదివారం అల్లుడు వస్తానన్నాడు.

దిగడంలో కిటుకు ఒకటే అని పిల్ల చెప్పింది. బల్ల వెనక కొసను దిమ్మె అంచున కాలితో అదిమిపెట్టి, ముందు కాలు బల్ల మీద వేసి, మనసు వెనక్కి లాగుతున్నప్పుడే ఒళ్లు ముందుకు వేయాలట. వెనక్కి వంగితే పడతాం, ముందుకు వంగితే పోతాం. గోడ దగ్గర దిండ్లు, పాత పరుపు పరిచాను. మొదటి రోజు పందొమ్మిదిసార్లు పడింది. అన్నీ వెనక్కే. నేను కాగితం మీద గీతలు పెట్టాను. రెండోరోజు పదకొండు. ఆ సాయంత్రం మోచేతి మీద పాత మచ్చ పక్కనే కొత్తది గీసుకుని, గోడ వైపు తిరిగి కూర్చుంది.

"నాకు రాదు అవ్వా. నాన్నకు ఇచ్చెయ్."

ఓదార్చడం నాకు సరిగ్గా రాదు. కాగితం ముందు పెట్టాను. "పందొమ్మిది. పదకొండు. తేడా ఎనిమిది. రేపు ఎంత?"

పిల్ల ముక్కు తుడుచుకుని, "మూడు" అంది.

"లెక్క అట్ల చెబుతోంది. పడి చూడు."

మూడోరోజు ఏడుసార్లు పడింది. లెక్క తప్పింది. ఎనిమిదోసారి మాత్రం పడలేదు. సర్రున దిగి, ఇరవై ఒక్క అడుగులూ పోయి, మెట్ల ముందు ఆగి, బల్ల మీదే నిలబడి నావైపు చూసింది. అప్పుడు సాయంత్రం అయిదు గంటల పది నిమిషాలు. తర్వాత చీకటి పడేదాకా మళ్లీ మళ్లీ దిగింది. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు.

ఆదివారం పులివెందుల నుంచి అల్లుడు వచ్చేసరికి అక్క ముందే వచ్చి నీడలో కుర్చీ వేయించుకుంది. ఆమె కొడుకు మా గేటు దగ్గర, లోపలికీ బయటికీ కాకుండా నిలబడ్డాడు. పిల్ల దిమ్మె ఎక్కింది. అంచున బల్ల పెట్టింది. ముందు కాలు వేసి ఆగిపోయింది.

"ఏమ్మే పిల్లా," అంది అక్క, "మీ తాత నూటపన్నెండు ఓట్లతో ఓడిపోయి గూడా మర్నాడు తలెత్తుకోని బజారుకు పోయినాడు. రెండడుగులకే భయపడతాండావే?"

పిల్లకు నవ్వు వచ్చింది. ఆ నవ్వులోనే ఒళ్లు ముందుకు పడింది. దిగి పోయి, మెట్ల దగ్గర కూర్చున్న తండ్రి కాళ్లకు జానెడు దూరంలో ఆగింది. ఆయన కాళ్లు పైకి లాక్కున్నాడు.

"ఇంకోసారి," అన్నాడు. అది ఇంకోసారి దిగింది.

"సరే. ఉంచుకో," అన్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరూ చూడలేదనుకుని బల్ల మీద ఒక కాలు పెట్టి చూశాడు. దాన్ని కూడా పడినవాటి లెక్కలో ఒక గీత పెట్టాను.

అక్క పోతూ పోతూ గేటు దగ్గర ఆగింది. "మాకు రెండు ట్రాక్టర్ల రాయి ఉత్తగా పడి ఉంది. మా కొడుకు బిడ్డ ఇది చూసినప్పటి నుంచి నాకూ కావాలని నన్ను తినేస్తాంది. మాకూ ఒకటి లెక్క వేసియ్యి."

"రెండడుగులదేనా?"

"మీది రెండైతే మాది రెండున్నర ఉండాల."

ఆ రాత్రి కాగితం తిరగేసి కూర్చున్నాను. ఎత్తు రెండున్నర పెట్టి దారం అయిదడుగులకే ఉంచితే లెక్క సరిగ్గా రాలేదు, అంగుళాల్లో చిల్లర మిగిలింది. మూడు, నాలుగు, అయిదు మూడింటికీ పావు పావు వంతు పెంచితే కుదిరింది. మూడుముప్పావు, అయిదు, ఆరుంపావు. ఆరుంపావులో మూడుముప్పావు పోతే సరిగ్గా రెండున్నర. మర్నాడు పొద్దున కాగితం తీసుకుని వీధి దాటాను. బేల్దారి అక్కడే ఉన్నాడు. మా ర్యాంపు కొలతలేమిటని అక్క కొడుకు అడుగుతుంటే, తాపీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"చెప్పొచ్చులేప్పా," అన్నాను.

"మీ నోటితో చెప్పండి టీచరమ్మా," అన్నాడు. "నాకు అలవాటు ల్యా."